నారుమడీ, నాన్న దగ్గూ

మా ఇంట్లో కోడి కూయకముందే నాన్న దగ్గు లేస్తుంది. కళ్ళంలో మిరపకాయలు ఎండే రోజుల్లో మరీను. ఉబ్బసమన్నాడు డాక్టరు.

సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు, "ఏం చదువుతున్నావురా?" అని అడిగాడు నాన్న. "మనిషి శ్వాసనాళపు పొరను ప్రయోగశాలలో పెంచుతారట నాన్నా" అన్నాను. "మరి దానికి మడి ఎట్లా కడతారు?" అన్నాడు.

చెప్పొద్దూ, మా జువాలజీ మాష్టారు తెరమీద బొమ్మ వేసి గంటసేపు వివరించినా నాకు పట్టుబడని సంగతి ఆ ఒక్క ప్రశ్నతో పట్టుబడింది. సన్నని రంధ్రాలున్న పొర మీద శ్వాసనాళపు కణాలను చల్లుతారు. మొదట పైనా కిందా పోషకద్రవం ఉంటుంది. కణాలు పొరంతా పరుచుకున్నాక పైనున్న ద్రవం తీసేస్తారు. కింద తడి, పైన గాలి.

"మండె కట్టిన వడ్లు చల్లాక నీళ్ళు తీసేస్తాం గదా, అట్లా" అన్నాడు నాన్న. అంతే! అలా గాలి తగిలిన మూడు నాలుగు వారాలకు కణాల మీద నూగులాంటి శైలికలు మొలుస్తాయి, జిగురు ఊరుతుంది. మన గొంతులో ఆ శైలికలే సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, జిగురులో చిక్కిన దుమ్మును పైకి నెడతాయి.

ఈ పొర ఉత్త గోడ కాదు, కావలి కూడాను. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ విడిచి పక్క కణాలను హెచ్చరిస్తుంది. 2020లో చైనా శాస్త్రజ్ఞులు కొత్త కరోనా వైరస్‌ను వేరుచేసింది ఇటువంటి కణాల మీదనే. శైలికల కదలిక ఆగిపోవడం సూక్ష్మదర్శినిలో చూశారు.

నాన్న కాసేపు ఆలోచించి, "అయితే నా గొంతులోవి కాసిని తీసి నారు పోస్తే నా దగ్గు సంగతి తేలుతుందా?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఉబ్బసం ఉన్నవారి కణాలు జలుబు వైరస్ సోకినప్పుడు ఇంటర్‌ఫెరాన్ తక్కువగా విడుస్తాయని 2005లో ఇంగ్లండు పరిశోధకులు రాశారు. తరువాత కొందరి ప్రయోగాల్లో ఆ తేడా కనబడలేదు. పైగా ఆ మడికి నెత్తురు పారదు. నెత్తురులో వచ్చే తెల్లకణాలను విడిగా తెచ్చి కలపాలి. మా మిరప కళ్ళం దుమ్మును దాని మీద చల్లి చూసినవాళ్ళ సంగతి నేనెక్కడా చదవలేదు.

"ఇప్పుడే తేలదు నాన్నా" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు ముక్కుకు చుట్టుకుని కళ్ళంలోకి నడిచాడు. లాబులో వాడే మాస్కులు నాలుగు నా సంచిలోనే ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి ఇచ్చాను.

"ఇవేవో వచ్చిన రోజే ఇయ్యకూడదుట్రా" అన్నాడు నాన్న.