మహానుభావులకీ ఒక ఫ్లాష్‌బ్యాక్!

మన సినిమాల్లో హీరో తాగుతున్నాడంటే వెనకాల తప్పకుండా ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. విలన్ లోకం మీద పగబట్టాడంటే చిన్నప్పుడు సవతితల్లి వాత పెట్టి ఉంటుంది. తెర మీద రింగులు రింగులు తిరిగి, నిక్కరేసుకున్న కుర్రాడు కనిపించగానే మనకి విషయం బోధపడిపోతుంది. "ఓహో, అదా సంగతి!" అనుకుని నిశ్చింతగా వేరుసెనక్కాయలు వొలుచుకుంటాం.

ఇదే పని పెద్ద పెద్ద డాక్టర్లు, ప్రొఫెసర్లు చరిత్రలోని మహామహుల మీద చేశారంటే నమ్ముతారా? వాటిని మనస్తత్వ జీవితచరిత్రలంటారు. ఇంగ్లీషులో అయితే సైకోబయాగ్రఫీ. హైదరాబాదు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం పాత సినిమా పత్రికల కోసం వెతుకుతుంటే అలాంటి పుస్తకమొకటి నా చేతికి తగిలింది. అప్పట్నుంచీ నాకదో పిచ్చి. చదివినకొద్దీ ఒక పక్క ఆశ్చర్యం, ఇంకో పక్క ఒళ్లుమంట! ఎందుకో చెబుతాను.

ఈ కథకి క్లాప్ కొట్టినవాడు సాక్షాత్తూ సిగ్మండ్ ఫ్రాయిడ్. 1910లో ఆయన లియొనార్డో డావిన్సీ గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. 'మోనాలిసా' చిత్రించిన లియొనార్డోయే! తాను ఉయ్యాలలో ఉండగా ఒక పక్షి వచ్చి తోకతో తన నోరు తెరిచినట్టు గుర్తని ఆ చిత్రకారుడు కాగితాల్లో రాసుకున్నాడు. ఫ్రాయిడ్ ఆధారపడిన జర్మన్ అనువాదంలో ఆ పక్షి రాబందు. ఇంకేం! ప్రాచీన ఈజిప్టు వాళ్ల తల్లి దేవతకి రాబందు తల ఉండేది కనుక, తండ్రికి దూరంగా తల్లి ఒడిలో పెరిగిన పిల్లాడి మనసంతా ఇందులోనే ఉందని మేడ మీద మేడ కట్టేశాడు. తీరా చూస్తే ఇటాలియన్‌లో లియొనార్డో రాసింది రాబందు కాదు, గద్ద! ఈజిప్టు అంతస్తు మొత్తం కూలిపోయింది.

అంతటి మేధావికే ఇలా జరిగితే మన చుట్టాలూ పక్కాలూ ఒక లెక్కా?

నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఇక అది మొదలు మా ఇంటి చుట్టుపక్కల ప్రతివారూ ఫ్రాయిడ్లే. క్లాసులో ఫస్టొస్తే, "తల్లిలేని పిల్లాడు, అందుకే ఆ పట్టుదల" అనేవారు. లెక్కల్లో తప్పితే, "తల్లిలేని పిల్లాడు, పాపం ఎవరు చూస్తారు?" అనేవారు. సినిమాలో ఏడుపు సీనుకి నేను ఏడిస్తే అమ్మ గుర్తొచ్చినట్టు! ఏడవకపోతే గుండె రాయైపోయినట్టు! మా మేనత్త అయితే నేను వంకాయ తినకపోవడానికి కూడా అదే కారణమని తేల్చేసింది. మా వీధి చివర టైలరు కొట్టులో రోజంతా రేడియో మోగేది. నాకు పాటల పిచ్చి పట్టించింది ఆ రేడియో. దాన్ని గురించి ఇప్పటిదాకా ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అమ్మ లేని లోటు నా బతుకులో ఉంది, కాదనను. కానీ నా బతుకంతా అదేనంటే ఎలా ఒప్పుకునేది?

అప్పుడే నాకొక కిటుకు దొరికింది. ఇటు జరిగినా, అటు జరిగినా సరిపోయే కారణం అసలు కారణమే కాదు! ఎంత లావు పుస్తకం దొరికినా నేను ముందు చూసేది ఇదే.

ఈ పరీక్షకి నిలబడినవాళ్లూ ఉన్నారు సుమా! రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1943లో, అమెరికా గూఢచారి శాఖ హిట్లర్ మనసు ఎలాంటిదో చెప్పమని వాల్టర్ లాంగర్ అనే మనస్తత్వవేత్తని అడిగింది. ఆయన హిట్లర్‌ని కలిసింది లేదు. తెలిసినవాళ్లని విచారించి, దొరికిన కాగితాలన్నీ చదివించి నివేదిక ఇచ్చాడు. ఓడిపోతే హిట్లర్ ఏం చేయవచ్చో వరసగా రాసి, ఆత్మహత్యకే ఎక్కువ అవకాశం ఉందన్నాడు. 1945 ఏప్రిల్ 30న అదే జరిగింది. జరిగిపోయినదానికి కారణం ఎవరైనా చెబుతారు. జరగబోయేది చెప్పి నిలబడటం వేరు.

నాకు అన్నింటికన్నా నచ్చినవాడు ఎరిక్ ఎరిక్సన్. ఆయనకి కన్నతండ్రి ఎవరో జీవితాంతం తెలీదు. అందుకే ఇంకో తండ్రీకొడుకుల కథ వెతికాడనేద్దామా? చూశారా, అనెయ్యడం ఎంత సులువో! ఆయన మాత్రం అంత సులువుగా పని కానివ్వలేదు. గాంధీగారి మీద 1969లో ఆయన రాసిన పుస్తకానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది.

గాంధీగారికి ఫ్లాష్‌బ్యాక్ కావాలంటే కరువా? పదహారేళ్ల వయసులో జబ్బుతో ఉన్న తండ్రి కాళ్లు పట్టి, భార్య దగ్గరికి వెళ్లిన కాసేపటికే తండ్రి పోయాడు. ఆ మచ్చ చెరగలేదని గాంధీగారే ఆత్మకథలో రాసుకున్నారు. ఎరిక్సన్ దాన్ని వదల్లేదు. కానీ అక్కడే కూర్చోలేదు. అహ్మదాబాదు వెళ్లి, 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె గురించి అప్పటివాళ్లని కలిసి అడిగాడు. అదెలాంటి కథనుకున్నారు? మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలబడింది ఆయన సొంత అక్క అనసూయ! యజమానులు 20 శాతం పెంచుతామన్నారు, గాంధీగారు 35 అన్నారు. కార్మికులు డీలా పడుతుంటే ఆయన నిరాహారదీక్షకి కూర్చున్నారు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. చివరికి మధ్యవర్తి 35 శాతమే ఖాయం చేశాడు. తండ్రి చావువేళ పక్కన లేని కొడుకులు ఈ దేశంలో ఎంతమంది లేరు? అహ్మదాబాదులో ఆ చెట్టుకింద కూర్చున్నవాడు ఒక్కడే.

ఇంకో ముచ్చట. పుస్తకం మధ్యలో ఎరిక్సన్ హఠాత్తుగా గాంధీగారికే ఒక ఉత్తరం రాస్తాడు. కస్తూర్బా మీద, ఆశ్రమంలో పిల్లల మీద మీరు చూపిన కాఠిన్యం అహింసేనా అని నిలదీస్తాడు. 1982లో వచ్చిన 'గాంధీ' సినిమాలో కస్తూర్బాని గుమ్మంలోకి నెట్టే సీను గుర్తుందా? అదిగో, అలాంటివే! పూజా చెయ్యలేదు, రోగమని పేరూ పెట్టలేదు. పెద్దమనిషిని మనిషిలాగే పలకరించాడు.

పోయినేడు మా బంధువులింట్లో పదేళ్ల పిల్ల తండ్రిని పోగొట్టుకుంది. "ఇక దీని జాతకం ఇంతే, బెరుకుగా తయారవుతుంది" అని పక్కగదిలో అప్పుడే మొదలెట్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఏం చేస్తున్నావమ్మా ఈమధ్య?" అని పిల్లనే అడిగాను. "సైకిల్ నేర్చుకుంటున్నా బాబాయ్. నిన్న చేతులొదిలేసి తొక్కాను" అంది!

ఈ రోజుల్లో బయోపిక్కులకి కొదవలేదు. చూడండి, ఈలలు వెయ్యండి, ఫ్లాష్‌బ్యాక్‌లో కన్నీళ్లు పెట్టుకోండి. కానీ అది అవగానే కథంతా తెలిసిపోయిందని మాత్రం లేచి వచ్చెయ్యకండి. అసలు సినిమా ఇంకా మిగిలే ఉంటుంది!