తరిమెన

తరిమెన అనే మాట నాకు మొట్టమొదట నిఘంటువులో కనిపించింది, యమ్మే చదివే రోజుల్లో. కర్రను తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే యంత్రమని అర్థం. నున్నని వస్తువును చూసి తరిమెన పట్టినట్లున్నదనడం మన పాతవాళ్ళ అలవాటు. ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసుకొని మురిసిపోయాను. అది మా యింటి వసారాలో వున్న లేతేనని తట్టడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. మా నాయన దాన్ని తరిమెన అనగా నేను వినలేదు. మా తాత అనేవాడట.

మార్కాపురం అంటే బయటివాళ్ళకు పలక. ఆ పలకకు చెక్క చట్రం వుంటుందనీ, ఆ చెక్కను కోసి బిగించే చేతులు వేరే వుంటాయనీ యెవరికీ గుర్తురాదు. మా యింట్లో పని చట్రాలు కాదు. మంచపు కోళ్ళు, వుయ్యాల కడ్డీలు, అప్పడాల కర్రలు. తుమ్మ, వేప, యెప్పుడన్నా టేకు. తాత కాలంలో మోటారు లేదు. కర్ర చుట్టూ తాడు చుట్టి, మా అవ్వ యెదురుగా కూచొని రెండు కొసలూ మార్చి మార్చి లాగేది. కర్ర ఒకసారి యిటూ ఒకసారి అటూ తిరిగేది. ఉలి వైపుకు తిరిగినప్పుడే తెగుతుంది. వెనక్కు తిరిగేటప్పుడు ఉలిని కాస్త తప్పించాలి. అంటే అవ్వ లాగిన లాగుళ్ళలో సగం ఉలికి అందనే అందలేదు. కోడుకింత అని తాతకు కూలి ముట్టేది. అవ్వకు వేరే లెక్క లేదు.

తర్వాత నాయన పోత యినుప లేతు ఒకటి, అప్పటికే పాతదాన్ని, కొన్నాడు. నా చదువు దాని మీదనే సాగింది. పోయిన వేసవి సెలవుల్లో నేను యింటికి పోయేసరికి అది మూలపడి వుంది. కోడు మీద ఉలి ఆనిస్తే నునుపు రావడంలేదు. సన్నని తరగలు తరగలుగా గాట్లు పడుతున్నవి. ఉలికి పదును లేదేమో అన్నాను. "ఉలిది కాదురా. ఇరుసు పట్టుకొని పైకెత్తి సూడు" అన్నాడు నాయన. యెత్తితే టక్కుమన్నది. వెంట్రుకవాసి కదలిక. ఇరుసు తిరిగే బుష్షు అరిగి కోలగా అయిపోయింది.

పాత యినుము కొనేవాడు అప్పటికే తూకం లెక్కన ధర చెప్పి పోయాడు. ఇచ్చేద్దామని నేనే అన్నాను. మంచాలిప్పుడు ఫ్యాక్టరీల నుంచి వస్తున్నవి, నాకు జీతమొస్తున్నది, యింకెందుకు నాయనా అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. పొద్దున్నే లేచి నేనే స్పానరు పట్టుకున్నాను.

విప్పితే తెలిసింది అసలు సంగతి. నూనె పోసే బెజ్జంలో పొట్టూ నూనే కలిసి బంకగా గట్టిపడి వుంది. యెన్నాళ్ళుగానో, పోసిన నూనె లోపలికి దిగకుండా పక్కలకు కారిపోతున్నది. బుష్షు రెండు చెక్కలు. వాటి నడుమ పలచని యిత్తడి రేకులుంటాయి. అరిగిన కొద్దీ ఒక్కో రేకు తీసి బిగించుకోవచ్చు. నాయన యేళ్ళ తరబడి అట్లా తీస్తూ వచ్చాడు. తీయడానికి యింకొక్క రేకు కూడా మిగల్లేదు. లారీలు బాగుచేసే షెడ్డులో గన్‌మెటల్ కడ్డీని తొలిపించి కొత్త బుష్షు చేయించాము. చెక్క తిప్పే లేతును యినుము తిప్పే లేతు బతికించాలి!

తర్వాతిదే అసలు పని. దీపపు మసిని నూనెలో కలిపి ఇరుసుకు పలచగా పూసి, బుష్షులో కూచోబెట్టి ఒక చుట్టు తిప్పి తీయాలి. నలుపంటిన చోటు యెత్తు. అరిగిపోయిన మూడంచుల ఆకురాయిని సానబట్టి, దానితో అక్కడ మాత్రం గీకాలి. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. నేను మొదట్లో ఒకచోట యెక్కువ గీకేశాను. ఆయన చూపు మందగించింది, అయినా వేలి కొసతో తడిమి చెప్పేవాడు: "ఈడ దిగబడింది. ఇంక దాని జోలికి పోవాక." రెండు రోజులు పట్టింది. చివర, ఇరుసు మొనా, కర్రను రెండో కొసన పట్టే మొనా ఒకదానికొకటి యెదురుగా తెచ్చి చూస్తే కలవలేదు. కింద రేకుముక్క పెట్టి సరిచేశాము. బెల్టుకు ఆముదం రాశాడు.

కాపిటల్ మొదటి సంపుటంలో, 1867లో, మార్క్సు పనిలో లేని యంత్రం వ్యర్థమనీ, యినుము తుప్పు పడుతుందనీ, కర్ర చివికిపోతుందనీ రాశాడు. యిది మనమంతా క్లాసుల్లో చెప్పేదే. ఆయన చనిపోయాక 1885లో ఎంగెల్సు ప్రచురించిన రెండో సంపుటం జోలికి మనం అంతగా పోము. యంత్రాలను శుభ్రంచేసే పనిని కార్మికుల చేత విరామవేళల్లో వూరకే చేయిస్తారని అందులో వుంది. అది ఫ్యాక్టరీ సంగతి. మా వసారాలో యజమానీ మా నాయనే, కార్మికుడూ మా నాయనే. అయినా ఆదివారం సాయంత్రం నూనె పోసి, పొట్టు తుడిచి, బెల్టు బిగించిన కాలానికి యేనాడూ కూలి లేదు. కోడు ధర కట్టేవాడు ఉలి ఆనిన నిముషాలనే చూస్తాడు. అవ్వ వెనక్కు లాగిన తాడు లాంటిదే యిదీ.

ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీదనే తిప్పి, తిరుగుతుండగానే లక్క రంగు అద్ది బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళకు పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. మా నాయన మంచపు కోడుకు అట్లాంటి పేరు రాదు, రావాలని ఆయన అడగనూ లేదు.

నన్ను నేను అడుగుతున్నాను, నాతోటి రచయితలనూ అడుగుతున్నాను. శ్రమజీవి యెత్తిన పిడికిలి మీద మనం చాలా కవిత్వం రాశాము. ఆ పిడికిలి విప్పి వేలికొసతో బుష్షు తడిమే పని మీద యెంత రాశాము? భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తి పదాలు సేకరించబూని 1962లో వ్యవసాయ పదాలనూ, 1971లో చేనేత పదాలనూ సంపుటాలుగా తెచ్చారు. పనివాళ్ళ నోటినుంచి యేరిన మాటలవి. మన కథల్లోకి వాటిలో యెన్ని వచ్చినవో విద్యార్థుల చేత లెక్క కట్టించవచ్చు. కోలపడిన బుష్షును యేమంటారో మా నాయనను అడిగి రాసుకోవాలని ముప్పయ్యేళ్ళు దాటిందాకా నాకు తోచలేదు. "కుదురు తప్పింది" అంటాడు.

మూడో రోజు వేపకర్ర బిగించి మోటారు వేశాము. పొట్టు తునగకుండా పొడుగాటి పోగుగా లేచింది. పక్కవీధి ఆయన పాతమంచానికి విరిగిన కోడొకటి చేయమని చెప్పి పోయాడు, పాత ధరకే. బుష్షు ఖర్చు కలిపి అడగకపోయావా నాయనా అన్నాను. "కోడుకే బేరమాడతాడు, బుష్షుకిస్తాడా?" అని నవ్వి, నూనె బెజ్జంలో పొట్టు పడకుండా దూదివుండ ఒకటి కుక్కి, నన్ను తప్పుకోమన్నాడు.