మాథేరానులో మా కాలినడకలు

సోలాపురపు ఎండలను గూర్చి అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు కుటుంబములకు వేరుగ చెప్పవలసిన పని లేదు. వైశాఖము వచ్చినంతనే మగ్గముల కొట్టములలోని గాలి పొయ్యిగాలి యగును. నాలుగు దినములైనను చల్లనిచోట గడపి రావలెనని ప్రతి యింటను అనుకొందురు గాని బయలుదేరువారు తక్కువ. మేము 2011వ సంవత్సరము మే నెలలో బయలుదేరితిమి.

మహాబలేశ్వరమును విడిచి మాథేరాను నేల యెన్నుకొంటిరని చుట్టములు అడిగిరి. మాథేరానులో మోటారు బండ్లు లేవు. అదియే మా కారణము. బండ్లన్నియు దస్తూరి నాకావద్ద ఆగిపోవలసినదే. పిల్లలను చేయి విడిచి నడువనీయ దగిన ఊరు ఈ దినములలో మరి యెక్కడ దొరకును?

రాత్రి రైలులో కర్జతు చేరి, అచ్చటనుండి లోకలు బండిలో నేరలుకు వచ్చితిమి. నేరలునుండి పైకి రెండడుగుల వెడల్పు పట్టాలమీద చిన్న రైలు పోవును. అది 1907లో ప్రారంభమైనది. 2005 నాటి పెనువానలలో పట్టాలు కొట్టుకొనిపోగా 2007లో మరల నడిచినది. కొండ యెత్తు సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్లు. 1850లో ఠాణా కలెక్టరు మాలెట్ అనునాతడు ఈ కొండ నెక్కి చూచిన పిమ్మట ఇది దొరల విడిది యయ్యెను. బజారునుండి ముప్పదికి పైగా కొండ అంచులకు ఎర్రమట్టి బాటలు కలవు. ఒక్కొక్క అంచును 'పాయింటు' అందురు.

ముప్పది పాయింట్లలో మూడుదినములకు సరిపడ ఏవి యెన్నుకొనవలెను? ఇక్కడనే మేము తప్పు చేసితిమి. పేరు గొప్పదని ఉత్తరపు కొసనున్న పనోరమా పాయింటును మొదటిదినమునకే పెట్టుకొంటిమి. సూర్యోదయము చూడవలెనన్న చీకటితోనే లేచి చాల దూరము నడువవలెను. మా అమ్మ మోకాళ్ల సంగతి మేమెరుగనిది కాదు. ముప్పది యేండ్లు చాట ఒడిలో పెట్టుకొని బాసింపట్టు వేసి బీడీలు చుట్టిన మోకాళ్లవి. "మీరు పోయి రాండ్రి, నేనిక్కడ్నే కూసుంట" అనెను. మేమును సరే యని పోయితిమి.

పనోరమా అందముగనే యున్నది. ఆ మాట దాచరాదు. ఒకవైపు కొండల వరుసలు, క్రింద నేరలు పొలములు, పలుచని మంచు. పిల్లలు కేరింతలు కొట్టిరి. మధ్యాహ్నమున మేము తిరిగి వచ్చుసరికి అమ్మ విడిది యింటి వసారాలో, మేము విడిచిపోయిన కుర్చీలోనే యున్నది. ఏమేమి చెట్లున్నవని అడిగెను. పిల్లలు "పెద్ద పెద్ద చెట్లు బాపమ్మా" అనిరి. మేము మరి కొంచెము చెప్పబోయితిమి గాని మాకును పేర్లు తెలియలేదు.

ఆ దినము సాయంకాలము చేతిరిక్షాను పిలిచితిమి. ఏటవాలు బాటలో ముందొకడు లాగుచు వెనుక ఇద్దరు త్రోయుచు మనుష్యులను మోయు బండి యది. అమ్మ దానిని చూచి వెనుకకు జరిగెను. "మనిషి గుంజుతుంటె మనిషి కూసునుడా? నాతోని కాదు బిడ్డా." ఎంత చెప్పినను వినలేదు. ఆ యాత్రలో ఆమె చూచినది బజారు మాత్రమే. తిరుగు రైలులో ఎవరును ఆ మాట యెత్తలేదు.

2014లో మరల పోయితిమి. ఈసారి పట్టిక ఆమె కాళ్లనుబట్టి వ్రాసితిమి. దూరమును కాక కాలమును లెక్క పెట్టితిమి: ఎక్కడ నున్నను పదిగంటలకు వెనుదిరుగవలెనని నియమము. బాట మొదట దిగుచు పోయినచో వచ్చునపుడు ఎక్కవలసి యుండునని పోకముందే విచారించితిమి. ఆ లెక్కతోనే దిగుడు బాటలను కొట్టివేసితిమి. అందరికంటె మెల్లగ నడచువారు ముందు నడువవలెను; పిల్లలు వెనుక. ఇది పిల్లలకు నచ్చలేదు. తినుబండారములు చేత కనబడనీయరాదు, కోతులు లాగికొనును. అంచులలో అన్నిచోట్లను కటకటాలు లేవు గనుక పిల్లల చేతులు అక్కడ మాత్రము విడువరాదు.

మొదటిదినము షార్లెట్ చెరువు. ఊరికి త్రాగునీ రిచ్చు చెరువది. దారి పొడవున నీడ. చెరువు గట్టుకు చేరువలోనే పిసర్‌నాథుని గుడి యుండుటచే అమ్మకు ఆ నడక సగము యాత్రయే యయ్యెను. కొంచెము దూరములో ఎకో పాయింటు. పిల్లలు అక్కడ మరాఠీలో అరచిరి, హిందీలో అరచిరి. లోయ తిరిగి పలికెను. అమ్మ మాత్రము "ఎందుకట్ల ఒర్లుతరు, పిట్టలు బెదుర్తయి" అని కసరెను.

రెండవదినము లూయీసా పాయింటు. లోయ కావల ప్రబలగడము కోట కనబడు చోటు. సగము దారిలో అమ్మ కుడికాలు మొరాయించెను. ఒక వేరుమీద కూర్చుండెను. గుర్రములు ఎర్రధూళి రేపుకొనుచు ప్రక్కనుండి పోవుచున్నవి. ఒక రిక్షావాడు ఆగి మా వైపు చూచెను. అమ్మ చేయి యూపి పంపివేసెను. గడియారము తొమ్మిదిన్నర. మా కుమారుడు, పదునాలుగేండ్లవాడు, "మనము పోయి వత్తము, బాపమ్మ ఇక్కడనే ఉంటది" అనెను. మూడేండ్ల క్రిందట మేము చేసినది అదియే గనుక వానిని మందలించుటకు మాకు నోరు రాలేదు. కూర్చుంటిమి.

ఆ కూర్చున్న అరగంటలో అమ్మ తలయెత్తి చూచి చెట్ల పేర్లు చెప్పసాగెను. పిల్లలు బడిలో జాంభూళ్ అని నేర్చినది నేరేడనియు, హిర్డా యనునది ఇంట దగ్గుకు అరగదీయు కరక్కాయ యనియు అప్పుడు తెలిసికొనిరి. ఒక గిరిజన స్త్రీ ఆకుదొన్నెలలో కరవందలు అమ్ముచు వచ్చెను. అమ్మ ఒకటి నోట వేసికొని, "ఇవి కలివిపండ్లు గదరా! మా అవ్వగారింటి గట్టు మీద ఏరుకొని తినెటోళ్లం" అని, తా నెన్నడును మాకు చెప్పని ఆ గట్టును గూర్చి చెప్పుకొనిపోయెను. మా కుమారుడు రెండవ దొన్నె కొనితెచ్చి ఆమె ప్రక్కనే కూలబడెను. పదిగంటలకు వెనుదిరిగితిమి. ప్రబలగడమును ఆ యేడు మేము చూడలేదు.

ఇప్పుడు అమ్మకు డెబ్బదిరెండేండ్లు. 2022 చివర మాథేరానులో బ్యాటరీ రిక్షాలను ప్రయోగముగ ప్రవేశపెట్టిరి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మనుష్యులు లాగు రిక్షాలను ఆరు నెలలలో మాన్పవలెనని ఆజ్ఞాపించినది. ఆ వార్త చదివి వినిపించితిమి. "మరి గుంజెటోళ్లకు కూడెట్ల?" అనెను. వారికే బ్యాటరీ రిక్షాలిచ్చు పథకము కూర్చుమని కోర్టు చెప్పెనంటిమి. కొంతసేపు ఊరకుండి, "అయితె ఆ బండి లూయీసా దాక పోతదా?" అని యడిగెను. దస్తూరినుండి ఊరిలోనికి మాత్రమే యని చెప్పితిమి.

"మిగిలింది నడుస్త" అనెను. వచ్చే మే నెలకు సెలవులు వ్రాయవలెను.