ఏడో నంబర్ ఫొటో

థర్డ్ ఇయర్ సెలవుల్లో మీరంతా ఇంటర్న్‌షిప్పుల కోసం తిరుగుతుంటే, నేను పుంగనూరులో మా మామ స్టూడియో వెనక గదిలో కూర్చుని వెబ్‌సైట్ కట్టుకుంటూ ఉన్నాను. "నా ఫొటోలు నేనే అమ్ముకుంటా" అని ఇంట్లో చెప్తే మా నాయన "ముందు బ్యాక్‌లాగ్ సంగతి చూసుకోప్పా" అన్నాడు. ఆ బ్యాక్‌లాగ్ కథ ఇంకో సంచికలో రాస్తాను.

కెమెరా మామదే. ఆయన కొత్తది కొనుక్కున్నాక పాతది, 24 మెగాపిక్సెల్‌ది, నా చేతికొచ్చింది. హార్స్‌లీ కొండ మీద పొద్దుపొడుపు, మదనపల్లె టమాటా మార్కెట్, మూడడుగులైనా ఎత్తుండని పుంగనూరు ఆవులు, మా అవ్వ వాళ్ల ఊరు కుప్పంలో గంగమ్మ జాతర. మూడేళ్లలో వేల ఫొటోలు తీశాను. ఇన్‌స్టాలో పెడితే లైకులు వస్తాయి గానీ, అక్కడ ఫొటో చిన్నదైపోతుంది, గోడకు పెట్టుకునే ప్రింటు కావాలన్నవాళ్లకు దారి లేదు. నెలనెలా డబ్బు కట్టించుకునే రెడీమేడ్ సైట్లు ఉన్నాయి. సీఎస్ఈ చదువుతూ వాటికి డబ్బు కట్టాలంటే నాకు సిగ్గేసింది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్, అంతే కదా అనుకున్నా.

మొదటి వెర్షన్‌లో నలభై ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. ఒక్కోటి దాదాపు 10 ఎంబీ. అంటే హోమ్ పేజీ ఒక్కటే 400 ఎంబీ! స్టూడియో వైఫైలో బాగానే తెరుచుకుంది. కుప్పం పోయి మా చిన్నాయన కొడుకు పాత ఫోన్లో తెరిస్తే మూడు ఫొటోలు వచ్చి ఆగిపోయింది, వాడి ఆ రోజు డేటా కూడా దాంతోనే సరి. వాడు తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి పోయి కన్నడంలో ముగించాడు. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కదా, తిట్లకు కొదవ లేదు. ఆ రాత్రే అన్నింటినీ 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీలోకి మార్చి, కిందికి జరిపినప్పుడే లోడయ్యేలా లేజీ లోడింగ్ పెట్టాను. ఒక్కో ఫొటో 200 కేబీ చుట్టుపక్కలకు దిగింది. ఒరిజినల్స్ ప్రింటు కోసం నా హార్డ్ డిస్కులోనే ఉంటాయి, సైట్‌లో అవి ఉండాల్సిన పనే లేదు. ఇది ముందే తట్టకపోవడం నా తెలివి.

తర్వాత రంగు. మామ ల్యాప్‌టాప్‌లో నిప్పులా ఉన్న టమాటాలు సైట్‌లో వాడిపోయినట్టు కనపడ్డాయి. రెండు రోజులు నా కోడ్‌నే తిట్టుకున్నా. కోడ్ తప్పేం లేదు. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ సెట్టింగ్ ఉంది, ఫొటోలు చిన్నవి చేసేటప్పుడు ఆ కలర్ ప్రొఫైల్ సమాచారం ఊడిపోయింది. ప్రొఫైల్ లేని ఫొటోని బ్రౌజర్ ఎస్ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, అందుకే ఎరుపు చచ్చిపోయింది. ముందే ఎస్ఆర్‌జీబీకి మార్చి ఎక్కిస్తే సరిపోయింది.

అన్నిటికంటే నవ్వొచ్చింది తెలుగు అక్షరాలతో. శీర్షికలు తెలుగులోనే ఉండాలని నా పంతం. ఎక్కడో చూసిన ఇంగ్లిష్ డిజైన్ లెక్కన లైన్ హైట్ తక్కువ పెట్టి, పెట్టెలో పట్టనిది దాచెయ్యమని ఓవర్‌ఫ్లో హిడెన్ రాశాను. ఇంగ్లిష్ అక్షరాలకు చాలిన ఎత్తు మన ఒత్తులకు చాలలేదు. కింద ఉన్నవన్నీ తెగిపోయి కుప్పం కాస్తా 'కుపం' అయింది, మదనపల్లె 'మదనపలె' అయింది. పుంగనూరుకు ఒత్తు లేదు కాబట్టి బతికిపోయింది. లైన్ హైట్ 1.7కి పెంచాక రెండు ఊర్లూ తిరిగొచ్చాయి. తెలుగు సైట్ కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇక అమ్మకం. ఉచితంగా దొరికే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాను గానీ, దాని మీద వ్యాపారం నడపకూడదని వాళ్ల రూల్స్‌లోనే ఉంది. ఆలస్యంగా చదివి, డబ్బు కట్టి వేరే హోస్టింగ్ తీసుకున్నా. కోడ్ మాత్రం గిట్‌హబ్‌లోనే, అందరికీ కనపడేలా ఉండిపోయింది. పేమెంట్ గేట్‌వే జోలికి పోకుండా, 'కావాలి' అని నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా చేశాను. మాట్లాడుకున్నాక యూపీఐ. ప్రింటు సైజు 12 బై 18 అంగుళాలు ఒక్కటే పెట్టాను. 6000 బై 4000 పిక్సెళ్ల ఫొటో అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి కావాల్సినదానికంటే ఎక్కువే, నిష్పత్తి కూడా అదే కాబట్టి అంచులు కొయ్యక్కర్లేదు. ప్రింటుకు, అట్ట గొట్టానికి, కొరియర్‌కి పోను మిగలాలని ధర 900 పెట్టా.

మామ తను తీసిన పెళ్లి ఫొటోలూ పెట్టమన్నాడు. కాపీరైట్ చట్టం, 1957 తెరిచి చూశా. మామూలుగా ఫొటో తీసినవాడిదే హక్కు. డబ్బిచ్చి తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. "ఇరవై ఏళ్లుగా తీస్తాండా, నాది కాదంటావా?" అని మామ రెండు రోజులు మాట్లాడలేదు. నా ఫొటోలు ఎవరూ డబ్బిచ్చి తీయించుకున్నవి కావు కాబట్టి అన్నీ నావే అని నేను ధైర్యంగా ఉన్నా.

జూన్‌లో మొదటి ఆర్డర్ వచ్చింది. బెంగళూరులో కాఫీ షాప్ పెట్టుకున్న ఒకాయన ఏడో నంబర్ ఫొటో మూడు ప్రింట్లు కావాలన్నాడు. 2,700 రూపాయలు! ఆ ఫొటో 2023 జూలైలో, టమాటా కిలో వంద దాటి టీవీల్లో అంతా మదనపల్లె పేరే వినపడిన రోజుల్లో తీసింది. తెల్లవారుజామున బల్బు కింద ఒక పెద్దమ్మ క్రేట్ల మధ్య కూర్చుని కాయలు ఏరుతోంది. చిరుగు పట్టిన చీర, దాని మీద చొక్కా, మొహం మీద వెలుగు. నా ఫొటోలన్నింట్లో అదే మంచిది, నాకు తెలుసు.

ఆమెకు ఒక ప్రింటు ఇచ్చి, కొంత డబ్బు కూడా ఇద్దామని మార్కెట్‌కు పోయా. నిజం చెప్పాలంటే, మంచోణ్ణనిపించుకుందామనే పోయా. నాలుగు మండీలు తిరిగి ఫొటో చూపిస్తే ఒక హమాలీ అన్న గుర్తుపట్టాడు. (ఆమె గురించి ఇక్కడ రాసిన కొన్ని వివరాలు మార్చాను, వెతక్కండి.)

ఆమె ఫొటో చూసి ముందు నవ్వింది. "నా మొగం ఎవురు కొంటారు నాయనా?"

"బెంగళూరులో హోటల్ గోడకు పెట్టుకుంటారంట పెద్దమ్మా."

నవ్వు ఆగిపోయింది. "బెంగళూరా? మా వోడు ఆడనే ఉండాడు. ఉద్యోగం వచ్చినాక కూలికి పోవద్దని ఒట్టు పెట్టించుకున్యాడు. ఇంట్లో ఊరికే కూసోలేక వస్తాండా. వానికి తెలీదు. ఈ చీరతో నన్ను గోడకు పెడితే వాడేమైపోతాడు?"

అంత పెద్ద ఊర్లో ఆ అబ్బాయి ఆ షాపుకే ఎందుకు పోతాడు అని నోటిదాకా వచ్చింది. ఫొటో తీసినవాడిగా హక్కు నాదే అని కూడా తెలుసు. చట్టంలో ఆమె ఒట్టు సంగతి లేదు. "తీసేస్తా పెద్దమ్మా" అన్నా. ప్రింటు మడిచి చెంగులో పెట్టుకుంది, ఇంటికి తీసుకుపోవడానికో చించెయ్యడానికో అడగలేదు.

తీసెయ్యడం ఎంతసేపు అనుకున్నా. పేజీలోంచి తీశా, సర్వర్‌లో ఫైల్ డిలీట్ చేశా. అప్పుడు గుర్తొచ్చింది గిట్‌హబ్. అక్కడ ఈ రోజు ఫైల్ తీసేసినా పాత కమిట్‌లలో అలాగే ఉంటుంది, ఎవరైనా వెనక్కి పోయి చూడొచ్చు. ఆ చరిత్ర మొత్తం తిరగరాసి మళ్లీ ఎక్కించేసరికి తెల్లారింది. తర్వాత ఇన్‌స్టా పోస్టు. తర్వాత మామ స్టూడియో షోకేసు, అక్కడ కూడా ఒకటి పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. ఆఖరికి కాఫీ షాపాయనకు శాంపిల్‌గా పంపింది. డిలీట్ చేయమని కారణం చెప్పకుండా అడిగా. సాయంత్రం దాకా జవాబు లేదు. "సరే, తీసేశాను. ఆ ఆవు ఫొటో ఎంత?" అని వచ్చింది.

ఆవు మా పెదనాయనది. ఆ సంగతి తెలిసి "ఆవు నాది, సగం దుడ్లు నాకు" అన్నాడు. ఏడో నంబర్ తర్వాత నాకు కాదనడానికి నోరు రాలేదు. మూడు ఆవులకు ఖర్చులు పోను మిగిలిన దాంట్లో సగం ఇచ్చేశా.

ఇప్పుడు సైట్‌లో ఆరు తర్వాత ఎనిమిది ఉంటుంది. నంబర్లు జరపలేదు. పోయిన వారం పెద్దమ్మ మళ్లీ కనపడింది. సంక్రాంతికి కొడుకు వస్తాడంట, పట్టుచీర కట్టుకుని ఇద్దరూ కలిసి ఫొటో దిగుతారంట. "ఎంత తీసుకుంటావు?" అని అడిగింది. డబ్బు ఇవ్వనీయండి, అప్పుడది ఆమెదే అవుతుంది. మామ దగ్గర ఫ్లాష్ అడగాలి.