కోటలో బట్టలారేస్తున్నారు!

కోట అంటే నాకు తెలిసింది ఒకటే. టికెట్టు కొనాలి, మొండి గోడలు చూడాలి, సాయంత్రం వాచ్‌మన్ విజిల్ వేయగానే బయటపడాలి. కొండపల్లైనా చంద్రగిరైనా అంతే కదా! అలాంటిది శ్రీలంకలోని గాలే కోట గుమ్మం దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఓ డాబా మీద తాడుకి పిల్లల స్కూలు యూనిఫాంలు ఆరేసి కనిపించాయి. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. టికెట్టూ లేదు, గేటు మూసే వేళా లేదు. కోటలో జనం కాపురాలు చేసుకుంటున్నారండీ!

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే రెండున్నర గంటల దారి. కుడివైపు కిటికీ పట్టండి, సముద్రం పట్టాల పక్కనే పరిగెడుతూ వస్తుంది.

కోటకు శ్రీకారం పోర్చుగీసులది. 1640లో డచ్చివాళ్లు దాన్ని లాక్కుని ఇప్పుడున్న పెద్ద గోడలు లేపారు. 1796లో ఇంగ్లీషువాళ్లకు దక్కింది. ఈ చేతులు మారిన కథంతా పాత గుమ్మం దగ్గరే ఉంది. బయటివైపు ఇంగ్లీషు రాజముద్ర. లోపలికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే డచ్ కంపెనీ ముద్ర: రెండు సింహాలు, పైన ఓ కోడిపుంజు, 1669 అన్న అంకెలు. ఇల్లు కొనుక్కున్నవాడు వీధివైపు తన పేరు రాయించుకుని, లోపల పాత యజమాని పేరు చెరపకుండా వదిలేసినట్టుంది.

డచ్చివాళ్లంటే మనకు పరాయివాళ్లేం కాదు, బందరులోనూ భీమిలిలోనూ వ్యాపారం చేసినవాళ్లే. 1755 నాటి వాళ్ల చర్చిలోకి వెళ్తే నేలంతా సమాధి రాళ్లే. పుర్రెల బొమ్మలు చెక్కి ఉన్నాయి. భీమిలి డచ్ సమాధుల దగ్గర ఆడుకుంటూ పెరిగిన మా ఆవిడ మాత్రం ఆ రాళ్ల మీద అడుగు పడకుండా పక్కపక్కనుంచే నడిచింది. దీపస్తంభం ఎదురుగా తెల్లటి జంట గోపురాలు చూసి ఇంకో చర్చి అనుకున్నా. మసీదట!

అసలు మజా మాత్రం గోడ మీద నడకే. మొత్తం 14 బురుజులు. కొన్నింటి పేర్లు సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం! చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర చాలు, మాకు రోజంతా పట్టింది. ఒకవైపు సముద్రం గోడను బాదుతూ ఉంటుంది, ఇంకోవైపు పెంకుటిళ్ల పెరళ్లు. 2004 సునామీ వచ్చినప్పుడు బయట ఊరు అతలాకుతలమైతే, లోపలి ఊరిని చాలావరకు ఈ గోడలే కాచాయి.

ఆ ఉప్పెన ముంచెత్తిన క్రికెట్ మైదానం గోడ మీంచి అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. 2010 జులైలో మురళీధరన్ 800వ వికెట్ తీసింది ఇక్కడే. అప్పుడు అవుటైంది మన హైదరాబాద్ ఆటగాడు ప్రజ్ఞాన్ ఓఝా. టీవీలో చూసిన ఆ గోడ మీద కూర్చుని ఖాళీ పిచ్ వంక అరగంట చూశాను. మా ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "ఏమండీ, అక్కడ గడ్డి తప్ప ఏముందని?"

ఆమె కోపం చల్లార్చింది ఇస్సో వడె. బండి మీద వేడివేడిగా వేస్తున్నారు. మన మసాలా వడ లాంటిదే, కాకపోతే పలచగా తట్టి పైన తలతో సహా రొయ్యలు అద్దుతారు. పైన ఉల్లిపాయ, కారం. పప్పు కరకరలాడుతుంటే మధ్యలో రొయ్య తీపి తగులుతుంది. కాకినాడలో ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదో!

పొద్దు వాలేవేళకు బురుజు మీద ఊరు ఊరంతా చేరింది. గాలిపటాల పిల్లలు, గొడుగుల చాటున జంటలు, బురఖాల్లో అమ్మమ్మలు. సూర్యుడు నీళ్లలోకి దిగేదాకా మేమూ కదల్లేదు. రైలుకి టైమైపోతోందని ఆటోలో పరుగో పరుగు, అందులోనే మట్టి ముంతలో గేదె పెరుగు, దాని మీద కిత్తుల్ పాకం. కిత్తుల్ అంటే మన రంపచోడవరం అడవుల్లో కల్లు గీసే జీలుగు చెట్టే. ఆ పాకం ఎంత నల్లగా, ఎంత కమ్మగా ఉందో! సగం నా చొక్కా మీద పడింది. ముంత మాత్రం పగలకుండా ఇంటికి చేరింది. ఇప్పుడు మా వంటింట్లో కల్లుప్పు అందులోనే.