వాడ కబుర్లు - 31: నవల్లో లేని వాసన

ఈ వారం ధర్నాల సంగతి కాదు, నా నవల సంగతి. "ఏమైందన్నా, పుస్తకం ఎప్పుడొస్తుంది?" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా.

రాయడం పోయిన దసరాకే అయిపోయింది. అయిపోయిందని నేననుకున్నా. ప్రచురణకర్తలకు పంపడానికి తయారుచేసే పని రాతకంటే ఎక్కువ తిప్పలు పెట్టింది. సగం నవల డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించా. మిగతా సగం ఫోన్లో నేనే యూనికోడ్‌లో కొట్టుకున్నా. అనుని యూనికోడ్‌కి మారిస్తే వత్తులు రాలిపోయాయి. ఏరుకోవడానికి నెల పట్టింది. మొదటి పుస్తకం పంపబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మొదటినుంచీ యూనికోడ్‌లోనే కొట్టుకోండి. ఇంకోటి, అచ్చు ఖర్చు ఎవరిదో ముందే అడగండి. తెలుగులో చాలాసార్లు అది రచయిత జేబులోంచే పోతుంది. అడగడానికి మొహమాటపడితే తర్వాత 500 కాపీలు మంచం కింద పెట్టుకుని పడుకోవాలి.

పంపేముందు ఒక పెద్దాయనకు చదవమని ఇచ్చా. సాహిత్యంలో తలపండిన మనిషి. ప్రేమగానే చదివారు. పెన్సిల్ గీతలతో తిరిగిచ్చారు. లంద, ఆరె, తొండం. "పాఠకుడికి అర్థం కావు బాబూ, చివర్లో అర్థాలివ్వు" అన్నారు. ఏ పాఠకుడికి సార్? మడి, తద్దినం, ఔపోసన. నేను చదువుకున్న కథల్లో వీటికి అర్థాలు ఎవరిచ్చారు? వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నా. వేముల ఎల్లయ్య 'కక్క' 2000లోనే నల్గొండ మాదిగ పలుకుబడిలో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత నేను వెనక్కి నడవనా?

ఆ కోపంలోనే అమ్మకు చదివి వినిపించడం మొదలెట్టా. అమ్మకు సంతకం వరకే వచ్చు. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో మంచమేసుకుని రోజుకో అధ్యాయం. నాలుగో అధ్యాయంలో తాత, అంటే అమ్మవాళ్ళ నాన్న, తోలు పని చేసే ఘట్టం. గర్వంగా రాసుకున్నది. రెండు పేజీలు కాకముందే ఆపింది.

"ఆగు నాయనా. తోలు తెచ్చి నేరుగా తంగేడు చెక్క నీళ్ళలో ఏశాడా మీ తాత?"

"అవునమ్మా."

"సున్నం ఏదిరా? ముందు సున్నంలో నానకపోతే బొచ్చెట్టా ఊడిద్ది? మీ తాత ఉంటే ఆరెతో పొడిచేవాడు నిన్ను."

పెద్దాయన పెన్సిల్ ఆ పేజీలో ఆరుచోట్ల ఆగింది. ఈ తప్పు దగ్గర ఆగలేదు. ఆయన్ని అనడమెందుకు, నేనూ ఆగలేదు. లంద అనే మాట కోసం కొట్లాటకు దిగినవాణ్ణి, లందలో ఏం జరిగేదో నాకే తెలీదు.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మరి కంపు సంగతి రాయలేదేందిరా?"

చిన్నప్పుడు ఆమె లంగాకు లంద వాసన పట్టి ఉండేదట. బళ్ళో పక్కన కూర్చున్న పిల్లలు జరిగేవాళ్ళు. జరిగి జరిగి, గోడ దగ్గర ఈమె ఒక్కతే మిగిలింది. రెండో తరగతిలోనే మానేసింది. పేదరికం వల్ల మానేసిందని నేను ఇన్నేళ్ళుగా సభల్లో చెప్తున్నా.

నవలంతా వెతికా. ఇరవై రెండు అధ్యాయాల్లో ఎక్కడా వాసన లేదు. మర్చిపోయింది కాదు. మైకు ముందు ఆత్మగౌరవం అని అరిచే నేను, పుస్తకం కొనేవాడి ముక్కుకి భయపడ్డా. అర్థాలివ్వనని పంతం పట్టానే గానీ, అంతకంటే పెద్ద మర్యాద వాళ్ళకి ఎప్పుడో చేసిపెట్టా.

నాలుగో అధ్యాయం మళ్ళీ రాశా. ప్రచురణకర్త అడిగిన ఒక పేజీ సారాంశం కూడా చించేసి కొత్తగా రాశా. బడి సంగతి పెట్టొచ్చా అని అమ్మనడిగా.

"పెట్టు. ఆ పిల్లల పేర్లు మాత్రం రాయమాక. ఇద్దరు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు" అంది.

అందుకే ఫైలు ఇంకా పంపలేదు. ఈ రాత్రి ఐదో అధ్యాయం చదవాలి.