ఆరో మాట

ఇవాళ గుడ్ ఫ్రైడే. గుడ్లవల్లేరులో ఎండ మండిపోతోంది. మందిరంలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఆరో మాట ‘సమాప్తమైనది’ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ నాకు నాన్నే గుర్తొస్తారు.

నా చిన్నప్పుడు, ధాన్యం డబ్బులొచ్చిన రోజున నాన్న అప్పు తీర్చి ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చారు. రెవెన్యూ స్టాంపు మీద తన సంతకాన్ని అడ్డంగా చించి అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ ఆ ముక్కల్ని పొయ్యిలో వేసి, కాలిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం.

యోహాను సువార్త గ్రీకు మూలంలో ఆ ఆరో మాట ఒకే ఒక్క పదం: తెతెలెస్తాయ్. పని పూర్తయింది, ఇక ఎప్పటికీ పూర్తయినట్టే అని భావం. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరుకు మోసుకొచ్చిన కబురు ఇదే.

అయినా మనం రక్షణకు ఇంకా వాయిదాలు కడుతున్నట్టే బెంగపడతాం. ఉపవాసం చాలిందా, ప్రార్థన సరిపోయిందా అని. బాకీ సిలువ దగ్గరే తీరిపోయింది. ఇక మనం చేసేదంతా కృతజ్ఞతతోనే.

భయంతో నిద్రపట్టని వాళ్లెవరైనా ఉంటే, ఈ రాత్రి నిశ్చింతగా పడుకోండి.